పెండతో మూసిన తాళం

ఇయ్యాల ఎట్ల వచ్చినవ్ చూడు! పెద్దమ్మ బర్రె మేత ముడుతలేదని కబురు అందిందో లేదో, బండేసుకొని సంచితోని ఉరికొచ్చినవ్. సమ్మె ఉన్నన్ని దినాలు ఈ బండి ఎటు పోయింది కొడుకా? ఈ సంచి ఎటు పోయింది?

దాని చెవు ఇడువు. బర్రెకేం కాలే. చూస్తలేవా, ఎంత నిమ్మళంగ నెమరేస్తున్నదో. అబద్ధం చెప్పి పిలిపించిన. ఉత్తగ రమ్మంటే వస్తవా నువ్వు? మా వాకిలి ముంగట నుంచి పోవుడు బందు పెట్టి, చెరువుకట్ట మీదికెల్లి తిరిగిపోతున్నవ్. నా కండ్లు ఇంకా కనవడుతున్నయ్ కుమారస్వామీ.

కూసో. ఆ మంచం మీద కూసో. సంచి కింద పెట్టు.

అగో! ఆ మాటే వద్దన్న. "నీకు మరుపు పెద్దమ్మా, మనసుల పెట్టుకోకు పెద్దమ్మా." ఎంత మెత్తగ అంటవు! నా చెల్లె కూడ గిట్లనే మెత్తగ మాట్లాడేది. దాని నోట్లె మాత్రం అబద్ధం ఉండేది కాదు. దాని కడుపున నువ్వెట్ల పుట్టినవో!

మరుపు ఉన్నది. లేదంటన్ననా? పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లకు పోత. మల్లొచ్చేసరికి ఎందుకు పోయిన్నో తెల్వది. కోడలు గీతను పట్టుకొని నీ తల్లి పేరు పెట్టి పిలుస్త. పాపం, ఆ పిల్ల పలుకుతది కూడ. పొద్దుగాల లేవంగనే ముందుగాల ఊరి పేరు, కొడుకు పేరు, నా పేరు లోపల్లోపల అనుకుంట. గట్టమ్మ, గట్టమ్మ, గట్టమ్మ అని. నా పేరు నాకు అందినంక గని మంచం దిగ. భయం కొడుకా. సచ్చుడంటె లేని భయం, మరుపంటె ఉన్నది నాకు.

గది నీకు ఎరికె. అందుకే గదా తాళంచెవి తెచ్చి నా చేతుల పెట్టినవ్?

లేదంటవా? మరి ఊర్ల ఎవ్వరు దొరకలేదా? తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నాడు యాదికి తెచ్చుకో. బడి బందు, బస్సులు బందు, పాలకుర్తిల ఆఫీసులన్ని బందు. మన ఊర్లె ఉన్న సర్కారు కొలువంటె గా పశువుల దవాఖాన ఒక్కటే. డాక్టరు హన్మకొండల్నే ఉండె. కాంపౌండరువు నువ్వే ముంగట పడి, "మన దవాఖానకు మనమే తాళం ఏద్దాం పెద్దమ్మా" అన్నవ్. "నేనేస్తే సర్కారు తాళం, ఊరోళ్లు ఏస్తే ఉద్యమం తాళం" అన్నవ్. ఎంత బాగ చెప్పినవ్!

డప్పులు, జెండాలు, ఆడోళ్లందరం కలిసి జై తెలంగాణ అనుకుంట పోయినం. తండా నుంచి రుక్కి కూడ వచ్చింది. తలుపు నువ్వే దగ్గరికేసినవ్. గొళ్లెం నువ్వే పెట్టినవ్. తాళం నా చేతికిచ్చినవ్. "లోపల మొన్ననే దిగిన మందులున్నయి, రైతుల సొత్తు, నువ్వైతే ఎవ్వరికీ తియ్యవు" అని అందరి ముంగట అన్నవ్. అందరు చప్పట్లు కొట్టిన్రు. మందుల డబ్బాలు వ్యాను నుంచి దించంగ నేను కూడ చూసిన. నిజమే అనుకున్న.

ఏ పొద్దుటికి ఏ కూర వండిన్నో తెల్వని ముసల్దాన్ని. ఇంత మంది నన్ను నమ్మిన్రని, ఆ నాడు నాకు కడుపు నిండింది కొడుకా. అన్నం తినకుంటనే నిండింది.

ఇత్తనాల కుండ తెలుసు గదా నీకు? మీ అమ్మ, నేను కలిసి పెట్టేటోల్లం. కందులు ఎండవోసి, ఏపాకు కలిపి, కుండల పోసి, మూతి మీద మూకుడు పెట్టి, ఎర్రమన్ను పెండ కలిపి చుట్టూర అలుకుతం. ఎండినంక రాయి లెక్క అయితది. మల్ల ఇత్తేదాక దాన్ని ఎవ్వరు ముట్టరు. ముడితె తెలుస్తది, పగులుతది. ఒకటి మాత్రం మరువం. మూతి అలికేముందు లోపల చెయ్యి పెట్టి కలెదిప్పి చూస్తం. పురుగున్నదా, తడున్నదా, నిండుగున్నదా అని. ఎన్నేండ్లు చేసిన్నో లెక్క లేదు, ఒక్కనాడు కూడ చూడకుంట మూతి అలుకలే.

ఆ నాడు చూడలే. దవాఖాన తలుపు తీసి లోపల ఒక్క అడుగు పెట్టి చూడలే. డప్పుల సప్పుడుకు చెవులు మూసుకపోయినయ్ గని కండ్లు కూడ మూసుకపోయినయా? నా ఒక్కదానికేనా? అంతమంది ఆడోళ్లం, అందరం కుండలు అలికెటోల్లమే. ఒక్కరికన్న తట్టలే. నువ్వు తలుపేసినవ్, మేం చప్పట్లు కొట్టినం.

ఏందీ? లోపల మందులుండెనా? ఆగు. అక్కడికే వస్తున్న.

రుక్కి వచ్చింది గప్పుడు. బతుకమ్మ పెట్టుకోకముందే వచ్చింది. దాని ఎద్దుకు గొంతువాపు. గొంతు కింద ఇంత వాపు, గుర్రుగుర్రుమని ఊపిరి. మొగడు మాన్‌సింగ్ పట్నంల మేస్త్రీ పనికి పోయిండు, బస్సులు లేక రాలేకపాయె. ఒక్కతే వచ్చింది. ఈ వాకిట్లనే కూలవడ్డది. "అవ్వా, తాళం తియ్యి. సూదిమందు ఒక్కటియ్యి. వెయ్యనీకి నేను ఎవల్నన్న కాళ్లు మొక్కి తెచ్చుకుంట" అన్నది.

నేనేమన్న? నీకు తెల్వదు, నువ్వు లేవు. చెప్త విను.

"అందరికోసం ఏసిన తాళం, నీ ఒక్కదానికి తియ్యాలెనా?" అన్న. "నీకు తీస్తె రేపు ఇంకొకరు వస్తరు" అన్న. "ఎద్దు పోతె ఇంకో ఎద్దు వస్తది, తెలంగాణ పోతె మల్ల రాదు" అన్న. ఎవరు నేర్పిన్రు నాకు గీ మాటలు? సమ్మె శిబిరంల మైకు పట్టుకొని నువ్వు మాట్లాడినవే! నీ మాటలే నా నోట్లకెల్లి వచ్చినయ్. అన్ని మర్చిపోయేదాన్ని, నీ మాటలు మాత్రం ఒక్క ముక్క పోకుంట ఒప్పజెప్పిన.

అది నీకోసం కూడ తండ్లాడింది. శిబిరానికి ఉరికింది. నువ్వు లేవు. ఫోను చేపిచ్చింది. ఎత్తలేదు. జనగామకు తోలుకపోదామని ట్రాలీ ఆటో మాట్లాడితే, దారిల రాస్తారోకో. ఎద్దు ఆటోల్నే పడిపోయింది. జోడుల ఒక్కటి పోతె ఇంకోటి దేనికి పనికొస్తది? గుంటుక తోలుడు లేదు, బండి కట్టుడు లేదు. పత్తి చేన్ల గడ్డి మోకాళ్లకాడికి లేసింది. అది చేతులతోని పీక్కుంట కూసున్నది, తండా మొత్తం చూసింది.

నేను పోయిన. పోయి దాని పక్కన కూసొని గడ్డి పీకిన. అది నాతోని మాట్లాడలే గని, పొమ్మని కూడ అనలే. నువ్వు సమ్మె కోసమే చేసినవ్ లే అవ్వా అన్నట్టు, మంచినీళ్ల చెంబు నా దిక్కు జరిపింది. అంతే. ఆ చెంబు జరిపినందుకు నేను బతికిన కొడుకా.

దసర నాడు నువ్వొచ్చినవ్. జమ్మి ఆకు నా చేతుల పెట్టి, కాళ్లు మొక్కినవ్. "నీలాంటోళ్లు ఉంటె తెలంగాణ ఎందుకు రాదు పెద్దమ్మా" అన్నవ్. నేను నీ తల మీద చెయ్యి పెట్టి సల్లగ బతుకుమన్న. అప్పటికే అంత తెలుసు గదా నీకు? కాళ్లు మొక్కంగ నీకు ఏమనిపించలేదా? ఇంతంత కూడ?

తల దించుకోకు. ఇంకా ఉన్నది.

సమ్మె ఆపిన్రని తెలిసిన మర్నాడు నాకు జరం. గీత చేతులకెల్లి తాళంచెవి తీసుకపోయినవ్. గడియసేపటికి ఊరంతా మా ఇంటి మీదికి వచ్చిన్రు. దవాఖాన లోపల మందుల అరలన్ని ఉత్తగనే ఉన్నయట! ఒక్క సీసా లేదట! పంచాయతి కాడికి నన్ను నడిపిచ్చుకపోయిన్రు. సర్పంచ్ పరశురాములు నడుమ కూసున్నడు. "తాళంచెవి ఎవరి దగ్గరుండె?" అన్నడు.

నువ్వు లేసినవ్. నా ముంగటికొచ్చి నిలవడ్డవ్, దెబ్బ నీ మీద పడ్తదేమో అన్నట్టు. "పెద్దమ్మను ఎవ్వరేమనొద్దు. ఆమెకు మరుపు జబ్బు. ఎవరో వచ్చి అడిగితే తీసి ఇచ్చి ఉంటది. ఇచ్చినట్టు కూడ యాదికి ఉండది. తప్పు నాది, ముసలామెకు ఇచ్చుడే నా తప్పు" అన్నవ్. నీ కండ్లల్ల నీళ్లు కూడ తిరిగినయ్.

ఎంత మంచోడు అన్నరు అందరు. నేను కూడ అనుకున్న. అగో, నా చెల్లె కొడుకు నన్ను కాపాడుతున్నడు అనుకున్న!

పరశురాములు నన్ను అడిగిండు. "తీసినవా గట్టవ్వా?" అని. నేను ఎంత ఎతికిన, లోపల ఏం దొరకలే. తీసినట్టు లేదు. తియ్యనట్టు కూడ లేదు. పొద్దుగాల పాలు పొంగిచ్చినట్టు కూడ యాదికి ఉండది గదా నాకు? అందరి మొకాలు చూసిన. నీ మొకం చూసిన. "అయి ఉంటది బిడ్డా. తీసే ఉంట" అన్న.

అన్న. నా నోటితోని నేనే అన్న.

రుక్కి అక్కడే ఉన్నది. మందిని తోసుకొని ముంగటికొచ్చింది. అరవలే, తిట్టలే. "నాకు తియ్యలే గదా అవ్వా. మరి ఎవలకు తీసినవ్?" అన్నది. మల్ల అడిగింది, "ఎవలకు?" అని. ఏం చెప్పాలె నేను? ఎవలకో ఇచ్చిన, దీనికి ఇయ్యలే. నా కులపోళ్లకో, నా చుట్టాలకో ఇచ్చి ఉంట అని దాని మొకంలనే కనవడ్డది. నాకు కూడ గట్లనే అనిపించింది. ఎవలకిచ్చిన్నో యాదికి రాకపాయె గని, ఇచ్చిన అనేది మాత్రం నా లోపల గట్టిగ కూసున్నది. నువ్వు తీసుకొచ్చి కూసోవెట్టినవ్.

అప్పటి నుంచి అన్నం సయించలే నాకు. ఒకనాడు లేసి దవాఖాన కాడికి పోయిన. గడప మీద కూసుంటె ఎవలకిచ్చిన్నో యాదికొస్తదేమో అనుకున్న. నువ్వు లేవు, తలుపుకు మల్ల గదే తాళం ఏసి ఉన్నది. కూసున్న. గడప పక్కన, గోడ మూలకు ఇంత మన్ను బెడ్డ కనవడ్డది. బెడ్డ ఎండిపోయి రాయి లెక్క ఉన్నది. మీద ఎర్రగ కుంకుమ. పైకి తీసి తిరగేసి చూసిన. లోపలి దిక్కు ఏపాకు పీసులు. నడుమ సన్నగ, పొడుగుగ ఒక ముక్కు. తాళం బెజ్జం లోపలికి దూరి ఎండిన ముక్కు.

అగో గప్పుడు! నిప్పు అంటుకున్నట్టు అంత యాదికొచ్చింది కుమారస్వామీ. తాళం ఏసిన నాడు, అందరు పోయినంక, నేను ఒక్కదాన్నే మల్ల పోయిన. నాకు నా మీద నమ్మకం లేదు గదా. రేపు ఎవరన్న మాయమాటలు చెప్పి తాళం తీపిచ్చుకుంటె? తీసిన అన్నది కూడ మర్చిపోతె? అని భయపడ్డ. ఎర్రమన్ను, పెండ, ఏపాకు పిసికి, తాళం బెజ్జంలకు కుక్కి, మీద అలికిన. ఇత్తనాల కుండ లెక్క. పగిలితె తీసినట్టు, పగలకపోతె తియ్యనట్టు. నాకోసం నేను పెట్టుకున్న గుర్తు. దసర నాడు పోయి దాని మీద కుంకుమ బొట్టు కూడ పెట్టిన. అప్పటిదాక పగలలే. మీద బొట్టుతోని, గట్లనే ఊడదీసి ఉన్నది చూడు, ఒక్క ముక్కల!

మరువకుంట పెట్టుకున్న గుర్తునే మర్చిపోయిన. నవ్వొస్తున్నదా? నవ్వు. నాకు కూడ వచ్చింది. గడప మీద కూసొని ఒక్కదాన్నే నవ్విన.

గీత దగ్గర తాళంచెవి తీసుకపోయిన పొద్దుగాల, అది దూరలేదు గదా నీకు? ఇనుప మొలతోనో, దేనితోనో పొడిచి, ఊడగొట్టినవ్ గదా? ఇదేం మన్నురా అని ఇసిరి పారేసినవ్. నువ్వు మగోనివి, కుండలు ఎన్నడన్న అలికితె గదా, నీకు ఎరిక ఉండేది!

నేను తాళం తియ్యలే. ఎవ్వరు తియ్యలే. కిటికీలకు ఇనుప చువ్వలు, కప్పు సిమెంటుది. మరి మందులు ఎటు పోయినయ్? తాళం ఏసేముందే పోయినయ్. లేని మందులకు తాళం ఏపిచ్చినవ్ నాతోని.

ఎవలకు అని అడుగుతలే. ఎరికె. గీత జనగామ రోడ్డు మీది డెయిరీ షెడ్లల్ల పెండ ఎత్తనీకి పోతది గదా. సమ్మె ఉన్నప్పుడే చెప్పింది. "అత్తా, కుమారస్వామి అన్న రోజు వచ్చి షెడ్ల బర్లకు సూదులేస్తున్నడు, ఒక్క బర్రె కూడ పడలే" అని. నేనేమన్న? "నా చెల్లె కొడుకు మంచోడు, సమ్మెల కూడ జీవాలను ఇడువలే" అన్న! నా నోరు పడ! అవి పట్నానికి పాలిచ్చే బర్లు. సిమెంటు నేల, ఫ్యాన్లు, నల్లా నీళ్లు. వాటికి గొంతువాపు రావొద్దు. రుక్కి ఎద్దుకు వస్తె రానీ.

ఏందీ?

మల్ల అను.

శిబిరానికి బియ్యం షెడ్లాయన పంపిండా? మందులకు బదులు బియ్యమా? ఉద్యమం కోసమే చేసినవా?

ఓ అయ్యా! ఆ బియ్యం నేనే కడిగిన గదా! రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు అన్నప్పుడు, నేనే గదా గంటె పట్టింది! అందరికీ వడ్డించిన. రుక్కి కూడ తిన్నది. "ఇంకింత ఎయ్యి అవ్వా" అని ఆకు ముంగట పెట్టింది. దాని ఎద్దుకు పడాల్సిన మందును దానికే అన్నం జేసి తినిపిచ్చినవా నాతోని?

నిజమో, ఇప్పుడు ఇక్కడ అల్లుతున్నవో, నాకు తెల్వది. నిజమే అనుకుందాం. మరి ఒక్క మాట, నా చెవుల ఒక్క మాట చెప్తె ఏమైతుండె? "పెద్దమ్మా, లోపల ఏం లేవు, రుక్కిని ఇంకో దారి చూసుకొమ్మను" అంటె? నా దగ్గరికి రాకుంట అది పొద్దుగాలనే జనగామ తొవ్వ పట్టేది. రాస్తారోకో మొదలు కాకముందే దాటేది. తాళం తీసినా మందు లేకపాయె, నిజమే. తీస్తె లేదన్న సంగతన్న తెలుస్తుండె. మందు లేని పాపం నీది. తియ్యని పాపం నాది. రెండు కలిసి దాని ఎద్దు మీద పడ్డయ్.

తెలంగాణ వస్తది. నాకు ఎరికె, వస్తది. ఇంతమంది కడుపులు మాడ్చుకున్నంక రాకుంట ఉంటదా? వచ్చినంక గా దవాఖానల ఎవరుంటరు? నువ్వే గదా ఉంటవ్. గా సంచితోనే.

నిన్న రుక్కి దగ్గరికి పోయిన. బెడ్డ కొంగుల కట్టుకొని తండాకు పోయిన. అంత చెప్పిన. బొట్టు చూపిచ్చిన, ఏపాకు చూపిచ్చిన. ఇనింది. మొత్తం ఇనింది. నడుమల అడ్డం రాలే. అయిపోయినంక ఏమన్నదో తెలుసా?

"మొన్న తీసిన్నంటివి అవ్వా. ఇయ్యాల తియ్యలే అంటున్నవు. సరే తియ్. తిన్నవా?"

తిన్నవా అన్నది కొడుకా! జొన్నరొట్టె తెచ్చి, కారం పెట్టి, ముక్కలు చేసి నా చేతుల పెట్టింది. చంటిపిల్లకు పెట్టినట్టు. మల్ల ఇల్లు మర్చిపోతనేమో అని, తండా దాటేదాక చెయ్యి పట్టుకొని తోలిచ్చింది. దాని కోపమన్న నాకు మిగులుతదనుకున్న. తిట్టినా, మొకం మీద ఉమ్మినా, మనిషిని చూసి తిట్టినట్టు. అదన్న లేదు. పిచ్చిదాన్ని చేసినవ్ నన్ను. ఇగ నేను పరశురాములు కాడికి పోయినా గంతే, పాలకుర్తి చౌరస్తల నిలవడి అరిచినా గంతే. పాపం ముసల్ది, తిన్నదో లేదో అంటరు.

లెవ్వు. పో ఇగ. సంచి తీస్కో.

క్షమించు అనకు. గా మాట నాకొద్దు. నువ్వు రుక్కి మొకం చూసి అంటవా? అనవు. ఈ నాలుగు గోడల మధ్యల నాతోని అంటవు. ఎందుకంటె, నాకు చెప్తె ఏమైతది?

నా భయం ఏందో చెప్తా? నిన్ను తిడుతున్న గని, ఇదంతా ఎన్ని దినాలు ఉంటది నా లోపల? ఒకనాడు పోతది. గా పాలు పొంగినట్టు పొంగి పోతది. అప్పుడు నువ్వు ఎప్పటి లెక్కనే "పెద్దమ్మా" అనుకుంట వాకిట్ల అడుగు పెడ్తవు. నా చెల్లె కొడుకు వచ్చిండని మురిసిపోయి, కాళ్లకు నీళ్లిచ్చి, ఇంత అన్నం పెడ్త. దగ్గర కూసొని తినిపిస్త. తల నిమురుత కూడ.

నువ్వు గా దినం కోసమే చూస్తున్నవ్ గదా?